మందబయలు గడిలో ఐవరీ కోస్ట్

కాశీబుగ్గలో మా మేనల్లుడికి జీడి ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, ఒక బాయిలరు, చేతులకి ఆముదం రాసుకుని పిక్కలు కొట్టే ఆడవాళ్ళు, పప్పు ఆరబెట్టే గది. పోయిన వేసవిలో ఓ పెళ్ళికి పలాస వెళ్ళినప్పుడు, భోజనాలకి ఇంకా గంట టైముందని వాడి గోడౌన్లో కూర్చున్నాను. కప్పు దాకా బస్తాలు. గోనె వాసనా పిక్కల ఘాటూ కలిసి గొంతు పట్టేసింది. ఎదురుగా ఉన్న బస్తా మీద నల్ల సిరాతో ఏవో అక్షరాలున్నాయి. కళ్ళజోడు సవరించుకుని కూడబలుక్కున్నాను: ప్రొద్యూయి ద కోత్ దివ్వార్.

"ఇదెక్కడి సరుకురా?"

"ఐవరీ కోస్ట్ మావయ్యా. మన ఉద్దానం పిక్క ఫ్యాక్టరీలకి ఏడాది పొడుగునా ఎక్కడ సరిపోతుంది? తిత్లీ తర్వాత మరీను."

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ ఊడ్చిపెట్టేసింది. పడిపోయిన జీడిచెట్టు స్థానంలో మొక్క నాటితే అది అక్కరకొచ్చేసరికి ఆరేడేళ్ళు పడుతుంది. అందాకా బాయిలరు ఆగదు కదా. అందుకని ఆఫ్రికా పిక్క.

వాడు ఒక బస్తాలోకి మచ్చు తీసే బొంబు గుచ్చి కాసిని పిక్కలు లాగాడు. వాటిని తూకం వేసి, కత్తిపీట లాంటి కట్టరు మీద ఒక్కోదాన్నీ నిలువుగా చీల్చుకుంటూ పోయాడు. మంచి పప్పు ఒక పక్క, ముడత పడింది ఒక పక్క, పురుగు పట్టింది ఇంకో పక్క. చివర్లో పప్పు తూచి, ఫోన్లో ఏదో గుణించి, "47" అన్నాడు. దీన్ని ఔట్‌టర్న్ అంటారట. 80 కిలోల బస్తా పిక్కలు కొడితే ఎన్ని పౌండ్ల మంచి పప్పు వస్తుందన్నది లెక్క. బస్తా కిలోల్లో, పప్పు పౌండ్లలో! ఏ తెల్లదొర పెట్టాడో గానీ ఆ లెక్కే అక్కడి ఆబిజాన్ రేవులోనూ నడుస్తుంది, పలాసలోనూ నడుస్తుంది. ఉద్దానంలో రైతు పిక్కలమ్మేదీ 80 కిలోల బస్తాలోనే.

అప్పుడడిగాడు అసలు సంగతి. "మావయ్యా, నువ్వు లెక్కల శాఖలో చేశావు కదా. ఆ దేశంలో సాగుభూమి ఏటేటా పెరుగుతోందంటున్నారు. ఇంకా పెరిగితే పిక్క రేటు పడిపోద్దేమో. కాస్త చూసి చెప్పవూ?"

వాడికి కావలసింది ఒక అంకె. రిటైరైనవాడికి పని లేదని వాడి ధైర్యం. నాకూ అంతకంటే పని లేదన్న మాట నిజమే. ఇంటికొచ్చి వారం రోజులు ఆ దేశం లెక్కలు తిరగేశాను. అంకె దొరికింది. కానీ అది వాడికి చెప్పబుద్ధి కాలేదు. ఎందుకో చెప్పడానికే ఇదంతా.

ముందు నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. నేను మండల స్థాయిలో గణాంకాలు చూసే ఉద్యోగం చేశాను. మన దేశంలో భూమిని తొమ్మిది గళ్ళలో పెట్టి లెక్క రాస్తారు. అడవులు, సాగుకి పనికిరానిది, ఇళ్ళూ రోడ్లూ వగైరా, శాశ్వత పచ్చిక బయళ్ళు, చెట్ల తోపులు, సాగు చేయదగ్గ బంజరు, పాత బీడు, ఈ ఏటి బీడు, నికరంగా విత్తిన భూమి. తొమ్మిదీ కూడితే ఊరి విస్తీర్ణం రావాలి. ఊరు రబ్బరు కాదు కాబట్టి ఒక గడి పెరిగితే ఇంకో గడి తగ్గాలి. ఈ ఒక్క సూత్రం తెలిస్తే సగం ఉద్యోగం వచ్చేసినట్టే.

మిగతా సగం వేరే ఉంది. గ్రామాధికారి అజమాయిషీకి వెళ్ళి అడంగల్ నింపాలి, దాన్ని మేం మండలానికి కూడాలి. విత్తిన భూమి గడిని అందరూ జాగ్రత్తగా చూస్తారు. నష్టపరిహారం, ఇన్సూరెన్సు, అప్పు అన్నీ దాని మీదే ఆధారపడతాయి. పచ్చిక బయళ్ళ గడిని ఎవడు చూస్తాడు? ఒక ఊళ్ళో మందబయలు 42 ఎకరాలని రికార్డు. నేను చేరిన ఏడాది 42. బదిలీ అయ్యేనాటికీ 42. ఆ మధ్యలో ఓసారి పంట కోత ప్రయోగం కోసం ఆ ఊరెళితే మందబయల్లో మంద లేదు, బయలూ లేదు. నిండా జీడితోట, కంచె, కంచెకో గేటు, గేటుకి తాళం. తిరిగొచ్చి ఆ ఏడాది కూడా 42 అనే వేశాను. మారిస్తే ఆక్రమణ కేసు, తహసీల్దారుకి జవాబు, నాకు తలనొప్పి. పై గడిలో ఉన్న అంకె కింద రెండు చుక్కలు పెట్టడం సుఖం.

అందుకే ఐవరీ కోస్ట్ పట్టిక చూడగానే నాకు ఆ రెండు చుక్కలు కనిపించాయి.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దేశదేశాల భూమి లెక్కలు సేకరిస్తుంది. ప్రభుత్వాలకి ఫారాలు పంపుతుంది. జవాబొస్తే ఆ అంకె వేస్తుంది, రాకపోతే అంచనా కట్టి పక్కన ఓ గుర్తు పెడుతుంది. ఆ గుర్తు గ్రాఫుల్లోకి ఎక్కదు. ఐవరీ కోస్ట్ విస్తీర్ణం సుమారు 3.22 కోట్ల హెక్టార్లు. విడిపోకముందు మన ఆంధ్రప్రదేశ్ 2.75 కోట్ల హెక్టార్లు కదా, దానికంటే కాస్త పెద్దదనుకోండి. 2018 నాటి లెక్క ప్రకారం అక్కడ నేలలో సుమారు 65 శాతం వ్యవసాయ భూమి. అబ్బో అనిపిస్తుంది. విడదీస్తే: ఏటేటా దున్ని విత్తేది 9 శాతం. కోకో, కాఫీ, రబ్బరు, జీడి, ఆయిల్ పామ్ లాంటి చెట్ల పంటలు 14 శాతం. మిగతా 41 శాతం పైచిలుకు శాశ్వత పచ్చిక బయళ్ళు!

అంటే వ్యవసాయ భూమిగా చెలామణీ అవుతున్న దాంట్లో మూడింట రెండు వంతులు ఆ ఒక్క గడిదే. అందులో అంకె 1.3 కోట్ల హెక్టార్ల దగ్గర ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చుంది. నా 42 ఎకరాలకి పెద్దన్నయ్య. జనాభా 1960లో 35 లక్షలున్న దేశం 2021 జనగణన నాటికి 2.94 కోట్లయింది. ఊళ్ళు పెరిగాయి, తోటలు పెరిగాయి, యుద్ధాలు జరిగాయి. గడ్డి మాత్రం ఎక్కడిదక్కడే ఉందట.

ఇక అడవి గడి. ఇది ఇంకా చిత్రం. అదే పట్టికలో అడవి దాదాపు 33 శాతం, 1.04 కోట్ల హెక్టార్లు. 2015లో ఆ సంస్థ వేసిన అడవుల లెక్కలో ఉన్నది ఇదే. 2020 లెక్క వచ్చేసరికి 28 లక్షల హెక్టార్లయింది. ఐదేళ్ళలో మూడొంతుల అడవి నరికేశారా? లేదు. ఉపగ్రహ చిత్రాలు పెట్టుకుని కొత్తగా కొలిచారు, అంతే. కొలిస్తే 1990లోనే 78 లక్షలు, 2000లో 51 లక్షలు, 2015లో 34 లక్షలని తేలింది. ఆ దేశ ప్రభుత్వం 2021లో చేసిన అడవుల సర్వేలో 30 లక్షల కంటే కాస్త తక్కువే మిగిలింది, దేశంలో 9 శాతం. కాయితం మీద ఎప్పుడూ ఉన్న అడవి నేల మీద ఎప్పుడో పోయింది.

33 శాతం అన్నది 9 శాతమైతే, ఆ తేడా 24 శాతం నేల ఏ గడిలో పడాలి? తొమ్మిది గళ్ళ మనిషినైన నాకు ముందు రావలసిన ప్రశ్న అదే. కోకో తోటల్లో, బీడు పడ్డ పాత కోకోలో, రబ్బరులో, పెండలం చేలల్లో, జీడిలో పడాలి. కాబట్టి ఐవరీ కోస్ట్ వ్యవసాయ భూమి ఇంత పెరిగిందని గీత గీసి చూపించేవాళ్ళని నేను నమ్మను. పెరిగిందనేది నిజమే. ఎంతన్నది ఆ గీత చెప్పలేదు, ఎవరి దగ్గర్నుంచి అన్నది చెప్పాలని అది అనుకోనూ లేదు.

ఎవరి దగ్గర్నుంచో చెప్పాలంటే కోకో కథ చెప్పాలి.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ దేశం దక్షిణ భాగమంతా వానఅడవి, సుమారు 1.6 కోట్ల హెక్టార్లు. ఫ్రెంచివాళ్ళు వెట్టిచాకిరీ చేయించి తోటలు వేయించేవారు. బావులే తెగకి చెందిన ఒక డాక్టరు, తానూ కోకో రైతే, 1944లో ఆఫ్రికా రైతుల సంఘం పెట్టాడు. ఆయనే ఫెలిక్స్ ఊఫ్వే బ్వాన్యీ. 1946లో ఫ్రాన్సు పార్లమెంటులో కూర్చుని వెట్టిని రద్దు చేసే చట్టం తెప్పించాడు. 1960 ఆగస్టు 7న దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక అధ్యక్షుడై, 1993లో చనిపోయేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. 1963లో ఆయన నోట వచ్చిన ఒక్క మాట ఆ దేశపు భూమి పటాన్ని మార్చేసింది: భూమి దాన్ని సాగులోకి తెచ్చినవాడిదే.

మనకి వింటే ఇది దున్నేవాడికే భూమి అన్న నినాదంలా ఉంటుంది, ఒళ్ళు పులకరిస్తుంది. తేడా ఏమిటంటే, మన దగ్గర ఆ మాట జమీందారు భూమి గురించి. అక్కడ అడవి గురించి. సాగులోకి తెచ్చినవాడిదే అంటే, ముందు నరికినవాడిదే అని. రాజ్యం స్వయంగా ఇచ్చిన పిలుపది. మధ్య ప్రాంతపు బావులేలు, ఉత్తరాది వాళ్ళు, అప్పర్ వోల్టా నుంచి (ఇప్పటి బుర్కినా ఫాసో) మోసీలు కుటుంబాలతో సహా దక్షిణపు అడవుల్లోకి నడిచారు. 1970ల మొదట్లో కొసు డ్యాం కట్టినప్పుడు 70 వేల మందికి పైగా బావులేల ఊళ్ళు మునిగాయి. వాళ్ళలో కొందరిని నైరుతి అడవులకి పంపాలని ప్రభుత్వమే ప్లాను వేసింది. ఆ మూల సాన్ పెద్రోలో కొత్త రేవు కట్టారు. రేవూ రోడ్డూ వచ్చాక అడవి నిలుస్తుందా?

కోకో ఆ దేశంలో తూర్పు నుంచి పడమరకి నడిచింది. మొదట అబెంగురు, దింబోక్రో. తర్వాత దలోవా, గాన్యోవా. ఆ తర్వాత సుబ్రే. నడవడమంటే నిజంగా నడవడమే. అడవి కొట్టి బూడిద చల్లారని నేలలో కోకో నాటితే కలుపు తక్కువ, సారం ఎక్కువ, తేమ నిలుస్తుంది. మూడు నాలుగేళ్ళలో కాపుకొస్తుంది. పాతిక ముప్ఫయ్యేళ్ళకి చెట్టు ముదిరిపోతుంది. అదే చోట మళ్ళీ నాటాలంటే కలుపుతో, పురుగుతో, చచ్చిన సారంతో యుద్ధం. దానికంటే కొడుకుని ఇంకో యాభై మైళ్ళు పడమరకి పంపి కొత్త అడవి కొట్టించడం చవక. ఫ్రెంచి ఆర్థికవేత్త ఫ్రాన్స్వా రూఫ్ దీనికి అడవి కౌలు అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. అడవి ఊరికే ఇచ్చే లాభం అన్నమాట. కౌలు వసూలయ్యేది ఒక్కసారే.

ఈ కౌలు మీదే 1970ల చివరికి ఐవరీ కోస్ట్ ఘనాను దాటి ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. ఇప్పుడు మంచి సంవత్సరంలో 20 లక్షల టన్నుల కోకో గింజలు, ప్రపంచం తినే దాంట్లో సుమారు 40 శాతం.

దీంట్లో నాకు బాగా పట్టేసింది ట్యూటొరా అనే ఏర్పాటు. బయటనుంచి వచ్చిన మోసీ కుర్రాడు, ఆ అడవుల్లో ముందునుంచీ ఉన్న బేతే తెగ ఊళ్ళో ఒక పెద్దమనిషి దగ్గరికి సారా సీసాతో, కోడితో, కొంత డబ్బుతో వెళతాడు. పెద్దమనిషి అతన్ని అడవి అంచుకి తీసుకెళ్ళి, ఇదిగో ఈ వాగు నుంచి ఆ పెద్ద చెట్టు దాకా చేసుకో అంటాడు. కాయితం లేదు, గజాలు లేవు. అమ్మకం కూడా కాదు. ఆ రోజు నుంచి కుర్రాడు ఆ ఇంటికి ఒకరకంగా కొడుకు. పంట రాగానే బస్తా ఇచ్చుకోవాలి, ఇంట్లో చావొస్తే ఖర్చుకి నిలబడాలి, జబ్బు చేస్తే పరిగెత్తాలి. పెద్దమనిషి దృష్టిలో తానిచ్చింది వాడుకోవడానికి చోటు. కుర్రాడి దృష్టిలో తాను కొన్నది భూమి. ఇద్దరూ బతికున్నంత కాలం ఆ తేడా ఎవరికీ అవసరం పడదు.

వాళ్ళు పోయాక పడుతుంది. పెద్దమనిషి కొడుకు పట్నంలో చదివి, ఉద్యోగం దొరక్క, 1990ల్లో కోకో ధర పడిపోయిన రోజుల్లో ఊరికి తిరిగొస్తాడు. చూస్తే తండ్రి అడవంతా పరాయివాళ్ళ తోట. మా నాన్నకి అమ్మే హక్కెక్కడిది, అది వంశం భూమి అంటాడు. అవతల కుర్రాడి కొడుకు ఆ నేల మీదే పుట్టాడు, తండ్రి చెమట తప్ప వేరే దస్తావేజు లేదు. ఇద్దరిదీ న్యాయమే. మా తాతలనాడు నోటిమాట మీద ఇచ్చిన ఇనాం చెక్కల కోసం రెండు మూడు తరాలు కోర్టుల చుట్టూ తిరిగిన మా జిల్లా కుటుంబాలు నాకు గుర్తొచ్చాయి. తేడా అల్లా మా వాళ్ళకి కోర్టన్నా ఉంది.

1998 డిసెంబరులో కొత్త చట్టం వచ్చింది. పల్లె భూమికి యజమాని కాగలిగేది రాజ్యం, ప్రభుత్వ సంస్థలు, దేశ పౌరులు మాత్రమే అని. ముప్ఫయ్యేళ్ళ కిందట రమ్మని పిలిచిన రాజ్యమే ఇది చేసింది. మరుసటి ఏడాది నైరుతిలో తాబు ప్రాంతం నుంచి వేలాదిమంది బుర్కినా వాళ్ళని తరిమేశారు. 2002లో అంతర్యుద్ధం. 2010 ఎన్నికల తర్వాత మళ్ళీ మూడు వేల మంది చనిపోయారు. పడమటి కోకో ఊళ్ళలో దువేకువే లాంటి చోట్ల జరిగినవి వినడానికే కష్టం. ఆ యుద్ధాలకి ఇంకా చాలా కారణాలున్నాయి. కానీ ఎన్నికల రాజకీయం గురించి పేజీలకి పేజీలు రాసినవాళ్ళు, పడమటి పల్లెల్లో మనిషి మనిషిని ఎందుకు చంపాడో చెప్పాలంటే ఆ వాగు నుంచి ఆ పెద్ద చెట్టు దాకా రావలసిందే.

ఇక్కడ నాకు కోపం తెప్పించే వాదన ఒకటుంది. ఐవరీ కోస్ట్ అడవి పోవడానికి బీద రైతు అజ్ఞానమే కారణమని. అజ్ఞానమేం కాదు. రాజ్యం ఇచ్చిన మాటని నమ్మి, అడవి ఇచ్చే కౌలుని లెక్కగట్టి, చవకైన దారి ఎంచుకున్నాడు. మా మేనల్లుడు ఔట్‌టర్న్ లెక్కగట్టినట్టే. తీరా దక్షిణాన మామూలు అడవి అయిపోయాక, మిగిలిన రిజర్వు అడవుల్లోకీ జాతీయ పార్కుల్లోకీ కోకో వెళ్ళింది. యుద్ధకాలంలో అడ్డుకునే గార్డు లేడు. దారిలో మామూళ్ళు వసూలు చేసేవాళ్ళకి మాత్రం లోటు లేదు. 2016లో ప్రభుత్వం మోం పేకో పార్కులోంచి వేల కుటుంబాలని ఖాళీ చేయించింది. ఆ పార్కులో పండిన కోకో అంతకుముందు ఏడాది దాకా అదే సాన్ పెద్రో రేవు నుంచి అవే బస్తాల్లో వెళ్ళింది. ఏ గణాంకంలోనూ అది అక్రమ కోకో అని వేరే గడి లేదు.

యూరప్ వాళ్ళు 2023లో ఒక చట్టం చేశారు. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేలలో పండిన కోకో, కాఫీ, రబ్బరు, పామాయిలు తమ దేశాల్లోకి రాకూడదని. అమలు తేదీ వాయిదా మీద వాయిదా పడుతోంది, అది వేరే సంగతి. నేను ఆ తేదీ దగ్గర ఆగిపోయాను. 2020 నాటికి ఆ దేశంలో నూటికి ఎనభై వంతుల పైగా అడవి పోయింది. నరకడానికి పెద్దగా మిగలనిచోట నరికినది కొనం అంటే, దాదాపు అక్కడి కోకో అంతా పరిశుద్ధమే. దొంగతనం జరిగిన మర్నాడు తలుపుకి తాళం వేసి, ఈ ఇంట్లో ఇక మీద దొంగతనం జరగలేదని సర్టిఫికెట్ ఇచ్చినట్టుంటుంది. అసలు అడవి మిగిలింది పక్క దేశం లైబీరియాలో. బుర్కినా మూలాలున్న కుటుంబాలు ఇప్పుడు సరిహద్దు దాటి గ్రాండ్ గెడే జిల్లా అడవుల్లోకి వెళుతున్నాయి. పెద్దమనిషి, వాగు, పెద్ద చెట్టు, అన్నీ మొదటినుంచీ. రేపు లైబీరియా వ్యవసాయ భూమి పెరిగిందని ఇంకో గీత పైకి లేస్తుంది.

అయితే పాత కోకో నేల ఏమైంది? కొంత రబ్బరయింది. ఆఫ్రికాలో రబ్బరుకి ఇప్పుడు ఐవరీ కోస్టే మొదటిది. కొంత దొంగచాటుగా బంగారం తవ్వే గుంతలయింది. కొంతలో వాపు తెగులు. ఇది వైరస్, పిండినల్లి ద్వారా పాకుతుంది, కొమ్మలు ఉబ్బి చెట్టు చచ్చిపోతుంది. మందు లేదు, పీకి పారేయాల్సిందే. ఈ తెగులూ, ముదిరిన చెట్లూ, వానల తేడాలూ కలిసి 2023-24లో పంట పడిపోయింది. 2024 ఏప్రిల్లో ప్రపంచ మార్కెట్లో టన్ను కోకో 11 వేల డాలర్లు దాటింది. ఏలూరు వైపు కొబ్బరితోటల్లో, ఆయిల్ పామ్ నీడలో అంతరపంటగా కోకో వేసుకున్న మనవాళ్ళకి ఆ రోజుల్లో ఎండు గింజలు కిలో వెయ్యి రూపాయల దాకా పలికాయి. అదే గింజకి ఐవరీ కోస్ట్ రైతుకి ప్రభుత్వం నిర్ణయించిన ధర ఆ సీజన్ మొదట్లో కిలో 1000 సీఎఫ్ఏ ఫ్రాంకులు. మన డబ్బుల్లో సుమారు 137 రూపాయలు. ఏప్రిల్లో పెంచి 1500 చేశారు, అంటే 205. ప్రపంచానికి ధర పెట్టే దేశపు రైతుకి ధరలో దక్కింది అది. ఇక కొత్తగా నాటడానికి, పాత నేలకి ఎరువు పెట్టడానికి వాడి దగ్గర ఏముంటుంది? విస్తీర్ణం పెరగడం వెనక ఈ లెక్క కూడా ఉంది. ఎకరానికి ఎక్కువ పండించే స్తోమత లేనివాడు ఇంకో ఎకరం వెతుక్కుంటాడు.

(ఆయిల్ పామ్ గురించి ఓ మాట. మన పెదవేగిలో పరిశోధనా కేంద్రం పెట్టి మరీ పెంచుతున్న ఆ చెట్టు పుట్టిల్లు ఆ తీరమే. వాళ్ళకది పొలానికి ఎవరో తెచ్చిచ్చిన మొక్క కాదు, పెరటి చెట్టు.)

సరే, జీడికి వద్దాం. మేనల్లుడు అడిగింది అదే కదా.

ఉత్తరం సవన్నా. కొరోగో, బూనా, బొందుకు వైపు. పొడుగు గడ్డి, అక్కడక్కడ షియా చెట్లు, ఒంటి వానాకాలం. 1960ల్లో అక్కడ జీడి నాటించింది పప్పు కోసం కాదు. నేల కోసుకుపోకుండా, గడ్డి మంటలు అడ్డుకోవడానికి అడవుల శాఖ నాటించింది. చెట్లు పెరిగాయి, పిక్కలు రాలి కుళ్ళాయి, ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత మనవాళ్ళు, వియత్నాం వాళ్ళు కొనడం మొదలుపెట్టారు. 2000 ప్రాంతంలో లక్ష టన్నుల లోపు ఉన్న పిక్క 2022 నాటికి 10 లక్షల టన్నులు దాటింది. ప్రపంచంలో మొదటి స్థానం. రెండు దశాబ్దాల్లో పది రెట్లు.

అన్ని చెట్లు ఎక్కడ నాటారు? పెండలం చేలల్లో. మట్టి కుప్పలు చేసి పెండలం నాటి, కుప్పల మధ్య జీడి మొక్క పెడతారు. మూడు నాలుగేళ్ళు రెండూ కలిసి పెరుగుతాయి. జీడి గొడుగు విప్పాక కింద ఏమీ పండదు. అదివరకైతే పెండలం తీశాక ఆ నేలని బీడు వదిలేవాళ్ళు, ఏడెనిమిదేళ్ళకి మళ్ళీ వచ్చేవాళ్ళు. బీడులో గడ్డి మొలిచేది, పశువులు కాసుకునే ఫులానీ తెగవాళ్ళ ఆవులు తినేవి. ఇప్పుడా బీడు లేదు. పైగా చెట్టంటే హక్కు. ఏటేటి పంట ఎవరైనా వేసుకోవచ్చు. చెట్టు నాటితే నలభై ఏళ్ళు ఆ నేల తనదని చెప్పినట్టే. అందుకే అక్కడి ఊళ్ళలో అడిగి చేసుకునే ఆడవాళ్ళకీ, వలస వచ్చినవాళ్ళకీ వేరుశనగ వేసుకోనిస్తారు, చెట్టు నాటనివ్వరు. నాటే హక్కున్నవాడు అవసరం లేకపోయినా నాటేస్తాడు, ఇంకొకడు రాకముందే.

ఆవులు తోటలో పడితే గొడవ. 2016 మార్చిలో బూనాలో లోబీ రైతులకీ ఫులానీ కాపరులకీ మధ్య కొట్లాటలో ఇరవై మందికి పైగా పోయారు.

పట్టికలో మాత్రం పచ్చిక బయళ్ళు 41 శాతం. అందుకే ఆ అంకెని మా మేనల్లుడికి చెప్పబుద్ధి కాలేదు. అందులో వ్యవసాయ భూమి పెద్దగా పెరగకుండానే దేశం జీడిలో మునిగిపోయింది. పచ్చికా వ్యవసాయ భూమే, జీడితోటా వ్యవసాయ భూమే. ఒక గడిలోంచి ఇంకో గడిలోకి మారితే మొత్తం మారదు. మారలేదన్న సంగతి ఆవుకే తెలియదు.

దీనికి మందు అడిగితే నా దగ్గర పెద్ద మాటలేం లేవు. ఉపగ్రహం ఇప్పుడు కోకో చెట్టునీ అడవి చెట్టునీ విడదీసి చూపిస్తోంది. జీడినీ చూపించగలదు. వ్యవసాయ భూమి అని ఒక్క అంకె వేసే బదులు, ఈ ఏడాది ఈ గడిలోకి వచ్చిన నేల పోయినేడు ఏ గడిలో ఉందో పక్కన రాయండి అంటాను. వచ్చింది ఎంత, ఎక్కడినుంచి. రెండే రెండు కాలమ్‌లు. కాయితం కాస్త వెడల్పవుతుంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎవరైనా ఇలా అడిగుంటే మనసులో తిట్టుకునేవాణ్ణి, అదీ నిజమే. ఆ 42 ఎకరాల్ని ఎవరి తోటలో వేయాలో తేల్చాల్సి వచ్చేది.

పోయిన నెల వాడికి ఫోన్ చేసి చెప్పాను. రేటు సంగతి నాకు తెలీదురా, కానీ అక్కడ ఖాళీ నేల అయిపోతోంది, ఇన్నాళ్ళూ పెరిగినట్టు ఇక పెరగదు అన్నాను. వాడు వ్యాపారస్తుడు. "అంటే పడదంటావు" అని తేల్చేసుకున్నాడు. 2024లో అక్కడి ప్రభుత్వం పిక్క కిలోకి 275 ఫ్రాంకులు కనీస ధర పెట్టిందనీ, మన లెక్కలో బస్తా మూడు వేలే అవుతుందనీ, ఇక్కడ ఉద్దానం రైతులేమో బస్తాకి 16 వేలు కావాలని రోడ్డెక్కుతారనీ, మధ్యలో ఓడ కిరాయీ డ్యూటీలూ వడ్డీలూ కట్టుకుంటూ తను నలిగిపోతున్నాననీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఉద్దానం రైతంటే మా అన్నయ్య కూడా. వాడికి సొంత పెదమావయ్య. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

"ఇంతకీ ఆ ఆవులు ఏం తింటున్నాయిరా? నువ్వు వెళ్ళావు కదా, చూశావా?" అన్నాను.

వాడు మొన్నటి సీజన్లో సరుకు చూసుకోవడానికి పది రోజులు బొందుకులో ఉన్నాడు. ఆవుల్ని చూసిన గుర్తు లేదన్నాడు. రాత్రి వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు, కారులోంచి తీసింది. వర్షం కడిగిన తారురోడ్డు. రెండు పక్కలా కనుచూపు మేర జీడితోట, కొమ్మలు నేలకి తగులుతూ, మా ఉద్దానం లాగే. రోడ్డు నిండా ఆవులు, మూపురాలవి, పొడుగు కొమ్ములవి, ఓ నలభై ఉంటాయి. కర్రని భుజాల మీద అడ్డంగా వేసుకుని, రెండు చేతులూ దాని మీద వేలాడదీసి, ఒక కుర్రాడు మధ్య తెల్లగీత మీద నడుస్తున్నాడు. ఎవరో హారన్ మోగిస్తున్నారు. కెమెరా వెనక్కి తిరిగింది. లారీ. దాని నిండా బస్తాలు.